పెట్టేటప్పుడు కూడా మాట్లాడే గడియారం

చూపు తగ్గుతున్నప్పుడు నాకు ముందుగా కనపడకుండా పోయింది మా ముందుగదిలో గోడ గడియారం నిమిషాల ముల్లు. తర్వాత గంటల ముల్లు. ఆ తర్వాత గడియారమే పోయింది, గోడ మిగిలింది. కొన్నాళ్లకు గోడ కూడా పోయింది. కంటి వెనక పొర ఎండిపోతోందని, దీనికి మందు లేదని డాక్టరు చెప్పాడు. చెప్పేసి, "ధైర్యంగా ఉండండమ్మా" అన్నాడు. ఎన్ని పూటలు, తిన్నాకా తినకముందా అన్నది మాత్రం చీటీ మీద రాసివ్వలేదు.

నేను క్యాంపస్‌లో చరిత్ర పాఠం చెప్తాను. కాంట్రాక్టు మీద. నా తర్వాత చేరినవాళ్లు కొందరు రిటైరు కూడా అయ్యారు, నేను ఇంకా తాత్కాలికమే. ఇల్లు తార్నాకలో. మా ఆయన రైల్వేలో చేసి రిటైరయ్యాడు కాబట్టి రోజూ స్కూటర్ మీద నన్ను డిపార్ట్‌మెంట్ మెట్ల దాకా దింపే ఉద్యోగం ఆయనకు దొరికింది. పాఠానికి కళ్లతో పనిలేదు. సుల్తానులు, పన్నులు, తిరుగుబాట్లు, కరువులు అన్నీ నాకు నోటికి వచ్చు. ఎప్పుడో చచ్చిపోయిన రాజు ఏ ఏడు గద్దెనెక్కాడో నిద్రలో లేపి అడిగినా చెప్తాను. ఇప్పుడు టైమెంతయిందో మాత్రం పక్కవాళ్లను బతిమాలుకోవాలి.

చూపున్నవాళ్లకు తెలియని సంగతి ఒకటి చెప్తాను. చూపులేని మనిషి టైం అడిగితే ఎవరూ టైం చెప్పరు. తమకు ఏది వీలుగా ఉంటే అది చెప్తారు. మా ఆయన పేపరు చదువుకుంటుంటే "ఇంకా మస్తు టైమున్నది" అంటాడు. ఆయనకు ఆకలేస్తే "ఏందే, ఒంటిగంట దాటింది" అంటాడు. డిపార్ట్‌మెంట్ మీటింగులో అడిగితే మా హెడ్ "అయిపోవచ్చింది మేడమ్" అంటాడు, ఆ తర్వాత గంటసేపు మాట్లాడతాడు. క్లాసులో పిల్లలను అడిగితే వాళ్ల టైం ఎప్పుడూ క్లాసు అయిపోయే టైమే. ఇంతమంది ఇన్ని టైములు చెప్తుంటే నాకు ఊరికే ఒళ్లు మండేది.

అసలు గొడవ క్లాసు దగ్గర వచ్చింది. నా క్లాసు పొద్దున పది నుంచి పదకొండు. పాఠం మంచి పట్టులో పడితే నాకు ఒళ్లు తెలియదు, పదకొండూ తెలియదు. తర్వాతి పీరియడ్ ఆయన గుమ్మంలో నిలబడి దగ్గేవాడు. ఆ దగ్గు నాకు జలుబులాగే వినిపించేది. మిరియాల కషాయం తాగమని ఒకసారి సలహా కూడా ఇచ్చాను. ఆయన పోయి హెడ్‌కు చెప్పుకున్నాడు. మా హెడ్ ఒకప్పుడు నా దగ్గరే చదువుకున్నాడు, అందుకని నన్ను మందలించేటప్పుడు చాలా మర్యాదగా మందలిస్తాడు.

"మేడమ్, టైం అయినంక అటెండర్‌ను డోర్ కాడ నిలబెట్టి పిలిపిస్తా. లేదంటే మీరు చెప్పే పేపర్ కొత్తగ వచ్చినాయనకిద్దాం. మీరు సెమినార్ కమిటీల ఉండుండ్రి. స్ట్రెస్ ఉండది" అన్నాడు.

సెమినార్ కమిటీ అంటే మా దగ్గర కుర్చీ ఒకటి ఇచ్చి మనిషిని మరిచిపోయే చోటు. కళ్లు పోయాక నేను ఒక్కొక్కటే వదులుకుంటూ వచ్చాను. పేపర్లు దిద్దడం పోయింది, ఒంటరిగా ముషీరాబాద్ దాకా బస్సులో పోయిరావడం పోయింది, పుస్తకం పోయింది. ఆ పది గంటల క్లాసు ఒక్కటి మిగిలింది. అదీ పోతే నేను మా ఆయన పేపరు చదువుకుంటుంటే వింటూ కూర్చునే మనిషినే. అటెండర్ వద్దు, నేనే టైం చూసుకుంటానన్నాను. "చూసుకుంటా" అన్నమాట నా నోట్లోంచి రాగానే హెడ్ గొంతు సవరించుకున్నాడు.

ఫోన్ మాట్లాడుతుంది కదా అని మీరు అడుగుతారు. అందరూ అడిగారు. స్మార్ట్‌ఫోన్ కొని, స్క్రీన్ మీద ఉన్నవన్నీ చదివే పద్ధతి పెట్టించుకున్నాను కూడా. క్లాసులో టైం కోసమని దాన్ని ముట్టుకుంటే, మా ఆడబిడ్డ పంపిన మెసేజ్‌ను కంచు గొంతుతో చదివేసింది. నా వంకాయ కూరలో నూనె ఎక్కువైందని, తన మొగుడికి పొద్దుటినుంచి కడుపు బాగాలేదని ఆ మెసేజ్ సారాంశం. పిల్లలు ఆ రోజు పాఠం మరిచిపోయి ఉంటారు, వంకాయ కూర మాత్రం చదువయ్యేదాకా గుర్తు పెట్టుకుంటారు. ఆ ఫోన్‌ను బీరువాలో పెట్టి, మళ్లీ బటన్ల ఫోన్‌కు వచ్చేశాను.

అట్లా మాటల గడియారం కొనాలని తేలింది. బటన్ నొక్కితే టైం చెప్తుంది, వేరే ఎవరి కడుపు సంగతీ చెప్పదు. ఆన్‌లైన్‌లో మా ఆయన వెతికితే విదేశాల నుంచి వచ్చేది ఒకటి దొరికింది. దాని ధరకు మేకపిల్లను కొనుక్కోవచ్చు, అదీ పొద్దున్నే అరిచి లేపుతుంది. నా జీతం ఎప్పుడొస్తుందో చెప్పే గడియారం ఇంకా ఎవరూ తయారు చేయలేదు కాబట్టి, చవకలో చూద్దామని ముషీరాబాద్‌లో ఒక గడియారాల దుకాణానికి పోయాం.

దుకాణం ఆయన నన్ను చూశాడు, నా చేతిలో కర్ర చూశాడు, ఆపైన మా ఆయనతోనే మాట్లాడాడు. "మేడమ్‌కు ఏ కలర్ కావాలె సార్?" అని అడిగాడు. నాకు రంగు పట్టింపు లేదని నేనే చెప్పాను. "ఇది చూడుండ్రి సార్, రాత్రి లైట్ వస్తది, నీలం లైట్, మస్తు లుక్కుంటది" అన్నాడు. లైటు వచ్చే గడియారాన్ని నాకు అంటగట్టడానికి ఎంత గుండె ఉండాలో చూడండి! ఇంకొకటి కోడిలా కూసింది. ఇంకొకటి పాట పాడి, ఆ పాట అయిపోయాక గానీ టైం చెప్పలేదు. అంతసేపట్లో ఆ టైం కూడా మారిపోతుంది. చివరికి గుండ్రంగా, అరచేతిలో ఇమిడేది ఒకటి ఇచ్చాడు. పైభాగమంతా ఒకటే బటన్. నొక్కితే ఒక ఆవిడ ఇంగ్లిష్‌లో టీవీలో వార్తలు చదివినంత ఖచ్చితంగా టైం చెప్పింది. గొంతు స్పష్టంగా ఉంది, ధర కూడా మా అందుబాటులో ఉంది. నాకు నచ్చింది.

"టైం మార్చాలంటే ఎట్ల?" అని అడిగాను.

"ఎన్క మూత తీస్తే సన్న సన్న బటన్లు ఉంటయి. సార్ చేస్తడు గదమ్మా, మీకెందుకా తక్లీఫ్" అన్నాడు.

సార్ కూడా "నేను చేస్త తియ్" అన్నాడు. ఇంటికొచ్చాక సార్ మూత తీసి, కళ్లద్దాలు పెట్టుకుని, పిన్నుతో ఏదో పొడిచి, టైం పెట్టి నా చేతిలో పెట్టాడు. నేను పొద్దుపోయే దాకా దాన్ని నొక్కుతూనే ఉన్నాను. ఎవర్నీ అడగకుండా టైం తెలిసి ఎన్నేళ్లయిందో! వంటింట్లోకి పోయి నొక్కాను, బాల్కనీలోకి పోయి నొక్కాను. మా ఆయన "సెల్లు అయిపోతది" అన్నాడు. అయిపోతే అయిపోనీ అన్నాను.

ఆ తర్వాతి వారం నా బోధనా జీవితంలో స్వర్ణయుగం. గడియారం పది చెప్పేసరికి నేను టేబుల్ దగ్గర సిద్ధం. క్లాసు మాత్రం ఖాళీ. పిల్లలు ఒక్కొక్కరే పావుగంట ఆలస్యంగా వచ్చేవాళ్లు. చెడామడా తిట్టాను. మీ అమ్మానాన్నలు పొలంలో రెక్కలు ముక్కలు చేసుకుని మిమ్మల్ని పంపిస్తే క్లాసుకు ఇంత ఆలస్యంగా వస్తారా అని అడిగాను. నోరెత్తకుండా పడ్డారు. గడియారం పదకొండు చెప్పగానే మాట మధ్యలో ఉన్నా సరే ఆపేసి, "థాంక్యూ" అని బయటికి నడిచాను. గుమ్మంలో దగ్గు లేదు. కషాయం పనిచేసిందనుకున్నాను.

పిల్లల్లో నా మీద ఎక్కడలేని గౌరవం పుట్టుకొచ్చింది. "క్లాస్ మస్తున్నది మేడమ్" అని ఒకరు, "మీ తీరుగ ఎవ్వరు చెప్పరు మేడమ్" అని ఒకరు. బెంచీలు జరిపి నాకు దారిస్తున్నారు, తలుపు తెరిచి పడుతున్నారు. నేను మురిసిపోయాను. ఇంటికి పోయి మా ఆయనకు చెప్పి మళ్లీ మురిసిపోయాను.

వారాంతంలో హెడ్ పిలిచాడు.

"మేడమ్, మీరంటే నాకు చాల రెస్పెక్ట్" అన్నాడు. ఈ మాటతో మొదలైన సంభాషణ ఏదీ ఇంతవరకు నాకు మంచిగా ముగియలేదు. "మొదలు ఎక్కువ చెప్తుండ్రన్నరు, ఇప్పుడు ముందే ఇడ్చిపెడ్తున్నరు. ముప్పావుకే మీ పిల్లలందరు క్యాంటీన్ల ఉంటున్నరు. నేనే చూసిన."

"అసలు కాని పని. రోజూ పదకొండు దాకా చెప్తున్న. గడియారం చూసుకొనే బయటికొస్తున్న" అన్నాను. ఊరుకుంటే సరిపోయేది. సాక్ష్యం కూడా చూపిస్తానని బ్యాగులోంచి గడియారం తీసి ఆయన టేబుల్ మీద పెట్టి ఠక్కున నొక్కాను.

"ఇట్స్ ఇలెవన్ ఫార్టీ" అంది ఆవిడ.

"ఇప్పుడు పదకొండు ఇరవై అయిదు మేడమ్" అన్నాడు హెడ్. నేను నమ్మలేదు. ఆయన అటెండర్‌ను పిలిచి అడిగాడు. అటెండర్ కూడా ఇరవై అయిదే అన్నాడు. నేను మళ్లీ నొక్కాను. ఆవిడ మళ్లీ అంతే ఖచ్చితంగా ఫార్టీ అంది. తల కొట్టేసినట్టయింది. క్లాసుకు ఆలస్యంగా వచ్చారని నేను తిట్టిన పిల్లలంతా రోజూ సరిగ్గా టైముకే వచ్చారు. రాక్షసిలా తిట్టి, ఆపైన పావుగంట ముందు వదిలేశాను. వాళ్లకది చాలా లాభసాటి బేరం.

"ఐ అండర్‌స్టాండ్ మేడమ్. మీ తప్పు గాదు" అన్నాడు హెడ్, గడియారాన్ని నా ముందుకు చిన్నగా జరుపుతూ. "సోమవారం సంది ఆ పేపర్ ఆయనకిద్దాం."

అట్లా ఇయ్యొద్దన్నాను. ఇంకొక వారం ఇయ్యమన్నాను. నా దగ్గర చదువుకున్నవాడిని బతిమాలుతున్నానని నాకు తెలుస్తూనే ఉంది. సిగ్గుతో చెవులు వేడెక్కాయి, అయినా బతిమాలాను. ఆయన కాసేపు పెన్ను టకటకలాడించి, "సరే, వచ్చే శుక్రవారం నేను వచ్చి కూసుంట. అప్పుడు డిసైడ్ చేద్దాం" అన్నాడు.

ఇంటికి వచ్చేసరికి మా ఆయన బీరకాయ తొక్క తీస్తున్నాడు. గడియారం ఆయన ముందు పెట్టి, దీనికి ఏం చేశారని అడిగాను. నిజం చెప్పొద్దూ, తప్పు దుకాణం ఆయనదేనని, చవక సరుకు అంటగట్టాడని తేలుతుందనుకున్నాను.

"ఏం చేస్త? పదిహేను నిమిషాలు ముందుకు పెట్టిన" అన్నాడు, తొక్క తీస్తూనే.

"ఎందుకు?"

"ఎందుకేంది? మనింట్ల గడియారాలన్ని గట్లనే ఉంటయి గద!"

అది నిజం. మా ఇంట్లో గోడ గడియారం పదిహేను నిమిషాలు ముందుంటుంది. మా అత్తగారింట్లోనూ అంతే. మా మామ పొద్దుటి బస్సు తప్పిపోకుండా ఉండాలని ఎప్పుడో ముందుకు తిప్పాడట, అప్పటినుంచి ఆ వంశం మొత్తం పదిహేను నిమిషాలు మనసులో తీసేసుకుని బతుకుతోంది. తార్నాకలో మా వరసలో ఏ ఇంట్లో చూసినా ఇదే. ఒకరింట్లో పది, ఒకరింట్లో ఇరవై. ఎవరింటికి పోతే వాళ్ల లెక్క చెప్తారు. గడియారం వంక చూస్తూనే తీసేసుకుంటారు కాబట్టి ఎవరూ మోసపోరు, ఎవరూ తొందరగానూ బయల్దేరరు. ఇంతమంది కలిసి ఒక గడియారానికి అబద్ధం నేర్పి, మళ్లీ ఆ అబద్ధాన్ని రోజూ దిద్దుకోవడం ఎంత తెలివైన పనో!

చూపున్నప్పుడు నేనూ తీసేసుకున్నదాన్నే. మరి దీని దగ్గర ఎందుకు తీసేసుకోలేదు? అది మాట్లాడింది కాబట్టి. గోడ మీద ముల్లును అనుమానించడం నాకు అలవాటే, ఆ ఆవిడ గొంతును అనుమానించాలని తట్టనే లేదు. పైగా మా ఇంట్లో ఉన్న అన్ని టైములూ దాంతో సరిపోయాయి. బయట ఎవర్నీ టైం అడగలేదు. ఇక అడగక్కర్లేదనేగా దాన్ని కొన్నది!

"నీకు తయారయ్యేతందుకు టైం పడ్తది. ఉరుకులాట ఉండొద్దని నీ మంచికే పెట్టిన" అన్నాడు.

అప్పుడు అరిచాను. "నా మంచికే అంటే మీరు నాకు చెప్పాలె. మీకు కండ్లున్నయ్, చూసి తీసేసుకుంటరు. నాకు తీసేసుకునేదున్నదని ఎవరు చెప్పిన్రు? వారం సంది నా టైం నాదే అనుకున్న. ముసలిదాన్ని, చిన్నపిల్లలెక్క ఇల్లంత తిరుక్కుంట నొక్కిన. అది మీరు పెట్టిన టైమా? నా క్లాసు పోతున్నది, తెలుసా మీకు?"

బీరకాయ తొక్క తీసే చప్పుడు ఆగిపోయింది. "నీకు ఎర్కే అనుకున్న" అన్నాడు చాలా చిన్నగా. నిజంగానే అనుకున్నాడు. ఆ మనిషికి కుట్ర చేసే ఓపిక లేదు. అది తెలిసి కూడా నాకు ఏడుపు ఆగలేదు. ఆ పూట బీరకాయ కూరలో ఉప్పు లేదు, ఇద్దరం అట్లాగే తిన్నాం.

సోమవారం క్లాసులో పిల్లలను అడిగాను, మీకు తెలుసు కదా అని. ముందు బెంచీలో ఒక అమ్మాయి, "మీరు ఫీలైతరని చెప్పలే మేడమ్" అంది. నేను ఫీలవుతాననా, క్యాంటీన్‌లో దోశ చల్లారిపోతుందనా అని అడిగాను.

పక్క డిపార్ట్‌మెంట్‌లో పీహెచ్‌డీ చేస్తున్న ఒకామె ఉంది. పుట్టుకతోనే చూపు లేదు. మల్కాజ్‌గిరి నుంచి రోజూ రెండు బస్సులు మారి ఒక్కతే వస్తుంది. కారిడార్‌లో ఆమెను ఆపి నా కథంతా చెప్పాను. అయ్యో పాపం అంటుందనుకున్నాను. గోడకు ఆనుకుని పడీ పడీ నవ్వింది.

"మేడమ్, మీరు కొత్తగ వచ్చిండ్రు మా దిక్కు" అంది, నవ్వు కాస్త తగ్గాక. "కొనేటప్పుడు టైం చెప్తదా అని అడుగుడు దండుగ. అది ఎట్లైనా చెప్తది. పెట్టేటప్పుడు మాట్లాడ్తదా అని అడగాలె. మన చేతితోని పెట్టరాకపోతే అది మన గడియారం గాదు, ఎవలు పెడ్తే వాళ్లది."

ఈ ముక్క ఏ దుకాణంలోనూ ఎవరూ చెప్పలేదు. ఆ సాయంత్రమే ఇద్దరం ముషీరాబాద్ దుకాణానికి ఆటోలో పోయాం. మా ఆయన వస్తానన్నాడు, వద్దన్నాను. దుకాణం ఆయన "సార్ రాలేదా?" అని రెండుసార్లు అడిగాడు. మాట్లాడడానికి సార్ లేకపోయేసరికి పాపం మా ఇద్దరితోనే మాట్లాడాల్సి వచ్చింది.

ఆమె కౌంటర్ మీద చెయ్యి చాపి, "ఒక్కొక్కటి చేతిల పెట్టుండ్రి. మీరేం నొక్కకుండ్రి" అంది. మొదటిదానికి బటన్లన్నీ ఒకే తీరుగా ఉన్నాయి, అవతల పెట్టించింది. రెండోదానికి బటన్ నొక్కితే కుయ్యిమంది తప్ప గంట పెరిగిందో నిమిషం పెరిగిందో చెప్పలేదు, అదీ అవతలికి పోయింది. ఇంకోదానికి సెల్లు మార్చాలంటే స్క్రూ విప్పాలట. "సెల్లు అయిపోయిన దినం నేను మెకానిక్‌ను ఏడ తేవాలె?" అని దాన్నీ పంపించేసింది. ఆయన నీలం లైటు గడియారాన్ని మళ్లీ తెచ్చాడు. ఆ మనిషి పట్టుదలకు దండం పెట్టాలి.

"మీ దుకాణంల అన్నిట్లకంటె అగ్గువది ఏది?" అంది ఆమె.

"ఉన్నదమ్మా ఒకటి, దాన్ని ఎవ్వరు కొనరు. లుక్ లేదు."

"మాకు లుక్‌తోని ఏం పని?"

దుమ్ము దులిపి ఇచ్చాడు. సబ్బుపెట్టె అంత ఉంది, ప్లాస్టిక్ పల్చగా ఉంది, నొక్కితే కిర్రుమంది. కానీ ముందువైపే నాలుగు బటన్లు. ఒకటి గుండ్రం, ఒకటి పొడుగు, మిగతా రెండూ మూలల్లో. పొడుగుదాన్ని నొక్కి పట్టుకుంటే ఒక మగగొంతు హిందీలో "ఘంటా" అంది. మూలది నొక్కితే ఒక్కో గంటా పెరుగుతూ పైకి చెప్పింది. పొడుగుది మళ్లీ నొక్కితే "మినట్" అంది. మామూలు పెన్సిల్ సెల్లులే, మూత గోటితో వస్తుంది. గంటగంటకూ దానంతట అది అరవకుండా ఆపుకోవచ్చు కూడా. మొదటి గడియారం కంటే చాలా చవక. దాన్నే తీసుకున్నాను. పాతదాన్ని వాపస్ తీసుకోమంటే దుకాణం ఆయనకు హఠాత్తుగా మా మాటలు వినపడడం మానేశాయి.

మర్నాడు పొద్దున రేడియో ముందు కూర్చున్నాను. వార్తల ముందు వచ్చే కూతలకు గడియారం కలపాలని. మా ఆయన ఎదురుగా కూర్చున్నాడు. చేతులు దురద పెడుతున్నట్టున్నాయి, కుర్చీ కిర్రుకిర్రుమంటోంది. నేను గంట దాటించేశాను. చుట్టూ తిప్పి మళ్లీ రావాల్సి వచ్చింది. నిమిషాలు దాటించేశాను, మళ్లీ చుట్టూ వచ్చాను.

"ఇటియ్యి, ఒక్క నిమిషం పని" అన్నాడు.

"వద్దు."

"పదిహేను కాకపోతేమాయె, అయిదు నిమిషాలన్న ముందుకు పెట్టుకోరాదు? ఇంట్ల ఒక్కటే గడియారం ఎన్కబడి ఉంటే మంచిగుండది."

"అది ఎన్కబడి లేదు. మీరందరు ముందటికి పోయిన్రు" అన్నాను. చివరి కూతకు వేలు తీశాను. నొక్కి చూశాను. "సాత్ బజే హైఁ" అంది. రేడియోలో ఆయన కూడా ఏడే అన్నాడు. మా ఆయన కుర్చీ కిర్రుమనడం మానేసింది. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి, దాచుకోలేదు. నా కళ్లు ఆ పనికైనా ఇంకా పనికొస్తున్నాయి.

శుక్రవారం హెడ్ వచ్చాడు. చడీచప్పుడు లేకుండా వెనక బెంచీలో కూర్చుంటే నాకు తెలియదనుకున్నాడో ఏమో, పిల్లలు అందరూ లేచి నిలబడి, బెంచీలన్నీ ఈడ్చి, "గుడ్ మార్నింగ్ సార్" అని అరిచి ఆయన రహస్యాన్ని కాపాడారు. ఆ రోజు పాఠం కరువు మీద. గడియారం టేబుల్ మీద, దాని మీద నా ఎడమచేయి. మధ్యలో ఒకసారి, చివర్లో రెండుసార్లు నొక్కాను. సరిగ్గా పదకొండుకు మాట ముగించాను.

ఊపిరి పీల్చుకునేలోగా హెడ్ ముందుకు నడిచి వచ్చాడు. "స్టూడెంట్స్, ఒక్క నిమిషం" అన్నాడు. జీవితంలో టైం ఎంత ముఖ్యమో చెప్పడం మొదలుపెట్టాడు. తాను విద్యార్థిగా ఉన్నప్పుడు ఒక్క క్లాసుకు కూడా లేటుగా రాలేదన్నాడు. ఆయనకు నేనే టీచర్నని, కిటికీలోంచి దూకి లోపలికొచ్చిన రోజులు నాకు గుర్తున్నాయని మరిచిపోయినట్టున్నాడు. తర్వాత ఒక విదేశీ సెమినార్‌కు పోయాడు. అక్కడ అందరూ ఎంత టైముకు వస్తారో చెప్పాడు. అక్కడినుంచి తన పీహెచ్‌డీకి వచ్చాడు. గుమ్మంలో దగ్గు వినపడింది. హెడ్ ఆగలేదు. తర్వాతి పీరియడ్ ఆయన మళ్లీ దగ్గాడు పాపం. ఈసారి ఆయనకు కషాయం రాసిచ్చేవాళ్లు ఎవరూ లేరు. పిల్లల్లో చెప్పే ధైర్యం ఎవరికీ లేదు.

నాకు భయమేసింది. నా క్లాసు ఉండేదీ పోయేదీ ఆ మనిషి చేతిలోనే ఉంది, నోరు మూసుకుంటే పోయేదేం లేదు. కానీ చేయి గడియారం మీదే ఉంది. నొక్కాను.

"గ్యారహ్ బజ్‌కర్ బారహ్ మినట్ హుయే హైఁ" అంది సబ్బుపెట్టె, గదంతా వినపడేలా. పదకొండు దాటి పన్నెండు నిమిషాలు.

హెడ్ ఆగిపోయాడు. ఆపైన నవ్వాడు. "మేడమ్ గడియారం జర ఫాస్ట్ ఉంటది గద" అన్నాడు. పిల్లలు కూడా నవ్వారు. ఆ నవ్వు నాకు ఒంట్లో ఎక్కడెక్కడో గుచ్చుకుంది.

"అది మా ఆయన పెట్టింది సార్" అన్నాను. "ఇది నేను పెట్టిన."

ముందు బెంచీ అమ్మాయి లేచి నిలబడింది, బెంచీ చప్పుడైంది. "కరెక్టే ఉన్నది సార్" అంది. "పన్నెండే అయింది సార్" అన్నాడు వెనకనుంచి ఇంకొకడు. గుమ్మంలో ఆయన దగ్గలేదు, నోరు తెరిచి చెప్పాడు. "నా పీరియడ్ సార్. పన్నెండు నిమిషాలైంది."

హెడ్ తాళాల గుత్తి తీసుకున్న చప్పుడు వినపడింది. నా పక్కనుంచి పోతూ ఆగాడు. "సోమవారం మీ పేపర్ మీరే చెప్పుండ్రి మేడమ్" అన్నాడు. సరే సార్ అన్నాను.